మధ్య సీటులో పదిహేను గంటలు

టికెట్టు నవంబరు చివర్లో కొన్నాను, ప్రయాణం ఫిబ్రవరి రెండో వారంలో. మొదట నాలుగు గంటల విమానం, మధ్యలో అయిదు గంటల నిరీక్షణ, ఆ తర్వాత పదిహేను గంటల రెండో విమానం. రెండూ ఎకానమీ తరగతిలోనే. ఎకానమీలో కూడా అన్నిటికన్నా చవకైన ధర తీసుకున్నాను కాబట్టి సీటు ఎంచుకునే హక్కు అందులో లేదు, కావాలంటే విడిగా కట్టాలి. రెండు విమానాల్లోనూ నడవ పక్క సీటు కోసం కట్టిన సొమ్ము టికెట్టు ధరలో దాదాపు పదో వంతయింది. కట్టేటప్పుడు ప్రాణం చివుక్కుమన్నా, నేను ఇద్దరిని నిద్ర లేపి బయటికి రావడం కన్నా ఇద్దరు నన్ను నిద్ర లేపడమే నయమని నా లెక్క. అత్యవసర ద్వారం పక్క వరుసకు ఇంతకు రెట్టింపు పైగా అడిగారు. అక్కడ కాళ్లకు చోటు ఉంటుంది గానీ, చేతులు ఆనించుకునే ఆర్మ్‌రెస్ట్‌లోనే ట్రే ఇమిడి ఉండటం వల్ల ఆ ఆర్మ్‌రెస్ట్ పైకి లేవదు, కూర్చునే వెడల్పు కూడా కాస్త తగ్గుతుంది. అందుకని మామూలు వరుసలో నడవ సీటుతో సరిపెట్టుకున్నాను.

ప్రయాణానికి వారం పది రోజుల ముందు ఒక ఈమెయిల్ వచ్చింది. బయలుదేరే సమయం మారలేదు, చేరే సమయం మారలేదు, విమానం మాత్రం మారిందని అడుగున ఒక్క వాక్యం ఉంది. ఇలాంటి ఈమెయిళ్లను చాలామంది తెరిచి, సమయం మారలేదు కదా అని మూసేస్తారు. ఆ ఒక్క వాక్యంలో నా ప్రయాణం సగం మారిపోయింది. నేను కొన్నప్పుడు చూపించినది ఎయిర్‌బస్ ఎ350, అంటే వరుసకు మూడు, మూడు, మూడు చొప్పున తొమ్మిది సీట్లు, ఒక్కొక్కటి సుమారు 18 అంగుళాల వెడల్పు. దాని బదులు వేసినది బోయింగ్ 777, వరుసకు మూడు, నాలుగు, మూడు చొప్పున పది సీట్లు. 1995లో ఈ విమానం ప్రయాణికులను ఎక్కించుకోవడం మొదలుపెట్టినప్పుడు చాలా సంస్థలు ఇందులోనూ తొమ్మిదే వేసేవి. తర్వాత తర్వాత ఒక్కొక్కరే పదోదాన్ని ఇరికించారు, దాంతో సీటు వెడల్పు సుమారు 17 అంగుళాలకు దిగింది. ఒక్క అంగుళమే కదా అనిపిస్తుంది కానీ, ఆ అంగుళం సరిగ్గా భుజాల దగ్గర తగ్గుతుంది, పక్కవాళ్ల భుజాలు ఆ మేరకు మన వైపు వస్తాయి.

కొత్త విమానంలో నా వరుస సంఖ్య అలాగే ఉంది, అక్షరం మారింది. తెరిచి చూస్తే నాలుగు సీట్ల మధ్య భాగంలో, నడవకు ఒక సీటు ఇవతల ఉన్నాను. వెంటనే ఫోను చేశాను. దాదాపు గంటసేపు సంగీతం వినిపించాక ఒకరు మాట్లాడారు, నడవ సీట్లు అప్పటికే నిండిపోయాయని, కట్టిన సొమ్ము తిరిగి ఇప్పించగలమే గానీ సీటు ఇప్పించలేమని మర్యాదగానే చెప్పారు. మనం డబ్బు కట్టేది ఫలానా సీటుకు కాదు, ఆ రకం సీటు ఇవ్వడానికి ప్రయత్నిస్తామన్న మాటకు మాత్రమే. ఆ సంగతి షరతుల్లో స్పష్టంగానే రాసి ఉంటుంది. ప్రయాణానికి 48 గంటల ముందు వెబ్ చెకిన్ తెరుచుకోగానే మళ్లీ ప్రయత్నించాను, మధ్య సీట్లు తప్ప మరేమీ కనిపించలేదు. ఇలాంటి సందర్భంలో చేయవలసిన పని ఒకటుంది. సీటుకు డబ్బు కట్టిన రసీదునూ, పాత సీటు సంఖ్య ఉన్న నిర్ధారణ పత్రాన్నీ విడిగా దాచి పెట్టుకోవాలి. విమానం మారాక వాళ్ల వెబ్‌సైటులో పాత సీటు ఆనవాలే లేకుండా పోయింది. నా దగ్గర కాగితం లేకపోతే నేను ఏ సీటు కొన్నానో నిరూపించుకునే దారి ఉండేది కాదు.

మొదటి విమానం గురించి చెప్పుకోవలసినంత లేదు. నాలుగు గంటలు ఎవరైనా ఎలాగైనా కూర్చోగలరు. మధ్యలోని అయిదు గంటల నిరీక్షణ మాత్రం నేననుకున్న దాని కన్నా అలసట కలిగించింది. నడుము వాల్చడానికి వీలుకాకుండా బెంచీలన్నిటికీ మధ్య మధ్య ఇనుప పట్టెలు బిగించి ఉన్నాయి. అయినా ఆ సమయంలో నేను కూర్చోలేదు, రెండో విమానంలో కూర్చోవడానికి పదిహేను గంటలు ఎలాగూ ఉన్నాయి కదా అని ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూనే ఉన్నాను. తనిఖీ దాటాక కుళాయి దగ్గర నింపుకున్న నీళ్ల సీసాను గేటు దగ్గర జరిగిన రెండో తనిఖీలో పారబోయించారు. కొన్ని గమ్యాలకు వెళ్లే విమానాలకు గేటు దగ్గర మళ్లీ తనిఖీ ఉంటుంది. ఆ తర్వాత నీళ్లు దొరికేది విమానంలోనే, అదీ వాళ్లు తెచ్చి ఇచ్చినప్పుడు, చిన్న గ్లాసులో.

ఎక్కించేటప్పుడు నాది చివరి బృందం. చవక టికెట్టుకు అది కూడా ఒక వెల. నేను 41వ వరుస చేరేసరికి తలపైన ఉండే సామాను అరలన్నీ నిండి మూసేసి ఉన్నాయి, నా సంచీకి ఎనిమిది వరుసల వెనక చోటు దొరికింది. అంటే పదిహేను గంటల పాటు ఆ సంచీ నాది కానట్టే లెక్క. ఇది ముందే ఊహించి మాత్రలు, కళ్లలో వేసుకునే చుక్కల మందు, పెదవులకు రాసుకునేది, పళ్ల బ్రష్షు, ఉన్ని మేజోళ్లు, చెవుల్లో పెట్టుకునేవి, కలం అన్నీ ఒక చిన్న గుడ్డ సంచీలో వేసి ఉంచుకున్నాను కాబట్టి సరిపోయింది. ముందు సీటు కింద కాళ్లు చాపబోతే ఎడమ కాలికి ఒక లోహపు పెట్టె తగిలింది. సినిమాలు చూసే తెరలకు సంబంధించిన యంత్ర సామగ్రిని కొన్ని సీట్ల కింద అలా బిగిస్తారు. ఏ సీటు కింద ఉందో సీట్ల పటంలో చూపించరు. ఆ పెట్టె వల్ల పదిహేను గంటలూ రెండు పాదాలూ ఒకే వైపు పెట్టి, నడుము ఒక పక్కకు తిప్పి కూర్చోవలసి వచ్చింది.

వరుసల మధ్య 31 అంగుళాలని ఆ సంస్థ చెప్పుకుంటుంది. ఆ అంకె కాళ్లకు దొరికే చోటు కాదు. ఒక సీటు మీది ఒక బిందువు నుంచి ముందు సీటు మీది అదే బిందువుకు ఉన్న దూరం అది, అందులో సీటు వీపు మందం కూడా కలిసే ఉంటుంది. కాబట్టి వీపు పలచగా ఉన్న 30 అంగుళాల వరుస ఒక్కోసారి మందపాటి 31 కన్నా మేలు. ఎత్తు సామాన్యమైన నాకే మోకాళ్లకూ ముందు సీటుకూ మధ్య నాలుగు వేళ్ల సందు మిగిలింది. విమానంలోని వాళ్లందరినీ సగం ద్వారాల గుండా 90 సెకన్లలో ఖాళీ చేయించగలమని తయారీదారు నిరూపించాలన్న నిబంధన ఉంది గానీ, మనిషి ఎంత చోటులో ఎన్ని గంటలు కూర్చోవచ్చో చెప్పే కొలత అందులో లేదు. అమెరికా చట్టసభ 2018లో సీట్లకు కనీస కొలతలు నిర్ణయించమని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏను ఆదేశించింది. నాలుగేళ్ల తర్వాత, 2022లో, ఎఫ్‌ఏఏ ఇంకా ప్రజాభిప్రాయం సేకరించే దశలోనే ఉంది. ఆ రాత్రి ఈ విషయాలన్నీ గుర్తు చేసుకోవడానికి నాకు కావలసినంత తీరిక దొరికింది.

తలుపులు మూశాక ముప్పావు గంట సేపు నేల మీదే ఉన్నాము. ఇంజన్లు పూర్తిగా తిరగనప్పుడు చల్లగాలి సరిగా రాదు, ఒళ్లంతా చెమట పట్టింది, ఎక్కడో ముందు వరుసల్లో ఒక పసిబిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. పదిహేను గంటల విమానంలో ఈ ముప్పావు గంట లెక్కలోకి రాదని ఎవరైనా అంటారు, కానీ దారి కదలకుండా గడిచే కాలం కాబట్టి సహనంలో పెద్ద భాగం అక్కడే ఖర్చయిపోతుంది. నా ఎడమ పక్కన వెడల్పాటి భుజాలున్న ఒక యువకుడు, కుడి పక్కన నడవ సీటులో ఒక పెద్దావిడ. ఆ అబ్బాయి కూర్చోగానే తన భుజాల గురించి క్షమాపణ చెప్పుకున్నాడు. అతని తప్పేముంది, చేతులు ముడుచుకుని కూర్చోవడం అతనికీ కష్టమే. మధ్యలో కూర్చున్నవారికి రెండు ఆర్మ్‌రెస్ట్‌లూ చెందుతాయని మర్యాదలు నేర్పేవాళ్లు రాస్తారు గానీ, నిద్రలో జారే మోచేతికి ఆ మర్యాద తెలియదు. మేము మాట్లాడుకోకుండానే ఒక ఏర్పాటుకు వచ్చాము: అతను ఆర్మ్‌రెస్ట్ ముందు సగం, నేను వెనక సగం. కుడి పక్కది పెద్దావిడకు వదిలేశాను.

గాలిలోకి లేచాక మొదటి రెండు గంటలు ఏ ఇబ్బందీ తెలియలేదు. గంటంబావుకు భోజనం బండి బయలుదేరింది, మా వరుసకు వచ్చేసరికి రెండు రకాల్లో ఒకటి అయిపోయింది. ప్రత్యేక భోజనం ముందుగా కోరుకున్నవాళ్లకు అందరి కన్నా ముందు తెచ్చి ఇచ్చారు. వెనక వరుసల్లో కూర్చునేవాళ్లు ఆ సదుపాయం వాడుకోవడం తెలివైన పని, దానికి అదనంగా ఏమీ కట్టనక్కర్లేదు, ఒకటి రెండు రోజుల ముందు చెబితే చాలు. భోజనం చప్పగా ఉందని నేననుకున్నాను, పక్కనున్న ఇద్దరూ అదే అన్నారు. అందులో వంటవాళ్ల దోషం కొంతే. జర్మనీ విమాన సంస్థ లుఫ్తాన్సా కోసం అక్కడి ఫ్రౌన్‌హోఫర్ పరిశోధన సంస్థ 2010లో విమానం లోపలి వాతావరణాన్ని నేల మీదే సృష్టించి రుచులు పరీక్షించినప్పుడు, తక్కువ పీడనంలో ఉప్పు, తీపి నాలుకకు బాగా తక్కువగా తెలుస్తాయని తేలింది. పొడి గాలికి ముక్కు ఎండిపోయి వాసన తెలియకపోవడం దానికి తోడవుతుంది. ఈ సంగతి తెలిసి ఉండటం వల్ల భోజనం రుచి పెరగలేదు గానీ, విసుగు కొంత తగ్గింది.

భోజనంలో అసలు ఇబ్బంది రుచి కాదు, ట్రే. తినడం పావుగంటలో ముగిసింది, ఖాళీ గిన్నెలు తీసుకువెళ్లడానికి దాదాపు ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటలో ఎవరూ లేవలేరు, కాళ్లు కదపలేరు, కింద పడినది తీసుకోలేరు. అంతలో ముందు సీటాయన వీపు వెనక్కి వాల్చాడు, ట్రే అంచు నా పొట్టకు ఆనింది, గ్లాసు ఒరిగింది. సీటు వాల్చడం తప్పా ఒప్పా అని ప్రయాణికులు ఒకరినొకరు తిట్టుకోవడం ప్రతి చోటా వింటాము. నా అభిప్రాయంలో ఆ తగాదా ప్రయాణికుల మధ్యది కానే కాదు. ఒకే అయిదారు అంగుళాల చోటును ముందు వ్యక్తికి వాల్చుకునే హక్కుగానూ, వెనక వ్యక్తికి కూర్చునే హక్కుగానూ రెండుసార్లు అమ్మినవాళ్లు ఆ తగాదాలో ఎక్కడా కనిపించరు. నేనూ నా సీటు వాల్చాను, వెనక వారి గ్లాసు చూసి, మెల్లగా.

మూడో గంట దాటాక పొట్ట ఉబ్బరం మొదలైంది. ఇది మర్యాదస్తులు రాయని విషయం కాబట్టి నేను రాస్తాను. విమానం 35,000 అడుగుల పైన ఎగురుతున్నా లోపలి గాలి పీడనాన్ని సుమారు 8,000 అడుగుల కొండ మీద ఉండే స్థాయి వరకు దిగనిస్తారు, నిబంధన అంతకు మించనివ్వదు. ఆ పీడనంలో మూసి ఉన్న ఏ గాలి అయినా దాదాపు మూడో వంతు వ్యాకోచిస్తుంది, పేగుల్లో ఉన్నదీ అంతే. నేను మొదట కొన్న ఎ350లో పీడనం సుమారు 6,000 అడుగుల స్థాయిలో ఉంచుతారు, ఆ తేడా తలనొప్పి దగ్గరా పొట్ట దగ్గరా తెలుస్తుంది. విమానం మార్పుతో నేను పోగొట్టుకున్నది నడవ సీటొక్కటే కాదని అప్పుడు అర్థమైంది. నడుము దగ్గర బిగుతు లేని బట్టలు వేసుకోమని పెద్దలు చెప్పేది అందుకే. గ్యాసుతో నురగలెత్తే పానీయాలు అన్నిసార్లూ వద్దన్నాను. అయినా కూర్చున్న చోట ముడుచుకుని, ఇద్దరి మధ్య, బిగపట్టుకుని గంటలు గడపడం ఎంత అవమానంగా ఉంటుందో అనుభవిస్తేనే తెలుస్తుంది.

నాలుగో గంట ప్రాంతంలో దీపాలు ఆర్పారు. ఇక్కడి నుంచి పదకొండో గంట వరకు ఉన్నదే అసలు ప్రయాణం, మిగతాదంతా ఎలాగో గడిచిపోతుంది. కూర్చుని నిద్రపోవడానికి తల ఒక వైపు ఆనాలి, మధ్య సీటులో ఆ వైపు ఏదీ లేదు. మెడ దిండును వెనక పెట్టుకుంటే తల ముందుకు తూలింది, ముందుకు తిప్పి గడ్డం కింద పెట్టుకుంటే కాస్త నిలిచింది. అరగంటకోసారి మెలకువ వచ్చేది. మొదట నడుము కింది భాగం నొప్పి పెట్టింది, బరువు ఒక పక్కకు మార్చాను. కాసేపటికి ఆ పక్క తిమ్మిరెక్కింది, రెండో పక్కకు మార్చాను. తర్వాత రెండు పక్కలూ ఒకేసారి నొప్పి పెట్టడం మొదలైంది, మార్చడానికి మూడో పక్క లేదు. పాదాల దగ్గర చలి, తల దగ్గర ఉక్క. గాలిలో తేమ 20 శాతం కన్నా తక్కువ ఉండటం వల్ల కళ్లలో ఇసుక పోసినట్టుంది, ముక్కు లోపల చర్మం చిట్లి ఉదయానికి చేతిరుమాలు మీద రక్తపు చార కనిపించింది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు ఆ రాత్రికి వాటిని తీసి కళ్లద్దాలు పెట్టుకోవడం మేలు. ఇంజన్ల హోరు ఎడతెగకుండా ఎనభై డెసిబెళ్లకు అటూ ఇటూగా సాగుతుంది. ఉన్నంతసేపు అలవాటైపోయినట్టే ఉంటుంది, చెవుల్లో పెట్టుకున్నవి తీసినప్పుడే అది ఎంత భారమో తెలుస్తుంది.

ఏడో గంటలో తెర మీద పటం చూశాను, ఇంకా ఎనిమిది గంటలు ఉంది. ఆ క్షణంలో కలిగినది నొప్పి కాదు, ఒక రకమైన భయం. లేచి తలుపు తీసుకుని బయటికి వెళ్లలేనన్న సంగతి అంతకుముందు వరకు మాటగానే తెలుసు, అప్పుడు ఒంటికి తెలిసింది. గుండె వేగం పెరిగింది, దుప్పటి తీసి పడేశాను. పటాన్ని మూసేసి, ఎనిమిది గంటల గురించి కాకుండా వచ్చే నలభై నిమిషాల గురించి మాత్రమే ఆలోచించడం ద్వారా కాస్త తేరుకున్నాను. ఆ పటాన్ని రాత్రంతా ఎదురుగా పెట్టుకుని కూర్చునేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం. అన్నట్టు, ప్రపంచంలో అతి దూరం ఎగిరే రోజువారీ విమానాల్లో ఒకటైన సింగపూర్, న్యూయార్క్ మధ్య నడిచేదాన్ని 2018లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు అందులో ఎకానమీ తరగతే పెట్టలేదు. పద్దెనిమిది గంటలకు పైబడిన ప్రయాణం అది. ఆ నిర్ణయం వ్యాపారం కోసమే తీసుకుని ఉండవచ్చు గానీ, ఏడో గంటలో దాన్ని తలచుకుంటే నాకు అది దయగానే తోచింది.

లేవడం మరో కథ. కుడి పక్క పెద్దావిడ గాఢనిద్రలో ఉంది, ఆమెను లేపకుండా నడవలోకి వెళ్లే వీలు లేదు. ఒకసారి లేపాను, నవ్వుతూనే లేచి నిలబడింది, ఆమె మోకాళ్లు పట్టేసి ఉండటం చూసి రెండోసారి లేపడానికి మనసొప్పలేదు. ఇక్కడే మధ్య సీటు తన అసలు పని చేస్తుంది. లేవలేము కాబట్టి నీళ్లు తాగము, తాగము కాబట్టి నోరు ఎండుతుంది, కదలము కాబట్టి పిక్కలు బిగుస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన పరిశోధన ప్రకారం నాలుగు గంటలకు మించి కదలకుండా చేసే ప్రయాణాల్లో సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుంది. అయినా ఆరోగ్యవంతుల్లో అది సుమారు 6,000 మందిలో ఒకరికి మాత్రమే, కాబట్టి బెంబేలు పడనక్కర్లేదు. ఇంతకుముందు గడ్డలు కట్టినవాళ్లు, గర్భిణులు, ఈమధ్యనే శస్త్రచికిత్స అయినవాళ్లు వైద్యుణ్ణి అడిగి బయలుదేరడం మంచిది. నేను మోకాలి వరకు బిగుతుగా ఉండే మేజోళ్లు వేసుకున్నాను, కూర్చున్న చోటే మడమలు ఎత్తుతూ దించుతూ ఉన్నాను. ఇంతలో పెద్దావిడకు తనంతట తనకే మెలకువ వచ్చింది. ఇక నుంచి తాను లేచినప్పుడల్లా నన్ను కూడా లేపుతానని, అలా అయితే ఇద్దరికీ మొహమాటం ఉండదని ఆవిడే చెప్పింది. పదిహేను గంటల్లో నాకు దొరికిన అతి పెద్ద సదుపాయం ఆ మాట.

విమానం వెనక, వంటగది పక్కన, నలుగురు నిలబడగలిగే చోటుంది. రాత్రి అక్కడికి వెళితే నాలాంటివాళ్లు అప్పటికే చేరి ఉన్నారు. ఒకాయన గోడకు చేతులానించి పిక్కలు సాగదీస్తున్నాడు, ఒక తల్లి భుజం మీద బిడ్డను వేసుకుని అటూ ఇటూ ఊగుతోంది. సాయంత్రం ఏడ్చిన బిడ్డ అదే. ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. సిబ్బందిని అడిగితే నీళ్లు కావలసినన్ని ఇచ్చారు, నా ఖాళీ సీసా కూడా నింపారు. సీటులో కూర్చుని బొత్తాం నొక్కి ఎదురుచూడటం కన్నా ఇది ఎంతో తేలిక. అయితే పావుగంట గడవకుండానే కుదుపులు మొదలై, బెల్టు పెట్టుకోమని గుర్తు వెలిగింది, అందరమూ వెనక్కి వెళ్లాము. ఆ గుర్తు ఒకసారి వెలిగితే కుదుపులు ఆగిన తర్వాత కూడా చాలాసేపు ఆరదు. టాయిలెట్టుకు ఎప్పుడు వెళ్లాలన్నది కూడా దీన్ని బట్టి ఆలోచించుకోవాలి. భోజనం బండి రావడానికి ముందు అయితే ఎవరూ ఉండరు, గిన్నెలు తీసిన వెంటనే, మళ్లీ దీపాలు వెలిగించిన వెంటనే వరుస కడతారు. లోపల నేల తడిగా ఉంటుంది, అది నీళ్లేనని నమ్మడానికి ఆధారమేమీ లేదు, కాబట్టి మేజోళ్లతో వెళ్లకూడదు.

దిగడానికి రెండున్నర గంటల ముందు దీపాలు వెలిగాయి. పన్నెండో గంట దాటాక ఇబ్బందులన్నీ అలాగే ఉన్నా మనసు తేలికపడింది, ఆ తేలికదనానికి కారణం నడుము నొప్పి తగ్గడం కాదు, లెక్క తగ్గడం. పాదాలు ఉబ్బి బూట్లు ఎక్కలేదు. తాళ్లు పూర్తిగా వదులు చేసి, మడమ తొక్కి నడిచాను. తాళ్లు లేని బిగుతు బూట్లు వేసుకున్నవారు ఏం చేస్తారో నాకు తెలియదు. కిందికి దిగుతున్నప్పుడు చెవులు మూసుకుపోయాయి. పైకి ఎక్కేటప్పుడు చెవి లోపలి గాలి దానంతట అది బయటికి పోతుంది, దిగేటప్పుడు బయటి పీడనం పెరిగి చెవినీ గొంతునూ కలిపే సన్నటి గొట్టం మూసుకుపోతుంది, అందుకే బాధ దిగేటప్పుడే ఎక్కువ. ఆవులించాను, గుటకలు మింగాను, ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదాను. కుడి చెవి తెరుచుకుంది. ఎడమ చెవి మాత్రం మరునాటి దాకా మొండికేసింది. చివరి అరగంటలో నిద్రపోకుండా ఉండటం ముఖ్యం, నిద్రలో గుటక వేయము కాబట్టి నొప్పి తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

చక్రాలు నేల తాకగానే అందరూ లేచి నిలబడ్డారు. 41వ వరుస కదలడానికి దాదాపు అరగంట పట్టింది, ఆ అరగంటా మధ్య సీటువాళ్లు సామాను అర కింద మెడ వంచుకుని నిలబడాలి, లేదా కూర్చోవాలి. నేను కూర్చున్నాను. వెనక ఎనిమిది వరుసల అవతల ఉన్న సంచీ కోసం జనానికి ఎదురు వెళ్లలేక, అందరూ దిగే వరకు ఆగవలసి వచ్చింది. పాస్‌పోర్టు తనిఖీ వరుసలో మరో గంటంబావు నిలబడ్డాను. విచిత్రంగా ఆ నిలబడటం హాయిగా అనిపించింది, మొదటి పావుగంట వరకు.

పాదాల వాపు మరునాటి సాయంత్రానికి తీసింది. నడుము రెండు మూడు రోజులు తీసుకుంది. జెట్ లాగ్ అన్నిటికన్నా ఆలస్యంగా వదిలింది. నేను వెళ్లింది తూర్పు దిశకు, అంటే శరీరం అలవాటైన దాని కన్నా ముందే నిద్రపోవాలి, పడమటి దిశ కన్నా ఇది కష్టం. ఒక్కో గంట తేడాకు సుమారు ఒక్కో రోజు పడుతుందన్న లెక్క నా విషయంలో దాదాపు సరిపోయింది. మొదటి వారమంతా అర్ధరాత్రి తర్వాత పిల్లిలా మేలుకుని, మధ్యాహ్నం మూడింటికి కళ్లు మూతపడుతూ గడిపాను. ముఖ్యమైన పనులేవీ ఆ వారంలో పెట్టుకోకపోవడం మంచిదైంది, ఉదయపు ఎండలో నడవడం మాత్రల కన్నా ఎక్కువ పనిచేసింది.

సీటు సొమ్ము కోసం చేరిన మరునాడే దరఖాస్తు పెట్టాను. వారం తర్వాత, మీరు ఎంచుకున్న సీటు రుజువు పంపమన్నారు. దాచి ఉంచిన రసీదు పంపాను. ఆ తర్వాత మూడు వారాలు మౌనం. గుర్తు చేస్తే, పరిశీలనలో ఉందన్నారు. ఆరు వారాలు కావస్తుండగా రెండో విమానం సీటుకు కట్టింది మాత్రం వెనక్కి వచ్చింది, మొదటి విమానంలో నడవ సీటు నాకు దక్కింది కాబట్టి ఆ భాగం రాకపోవడం న్యాయమే. తిరుగు ప్రయాణానికి మళ్లీ నడవ సీటుకే కట్టాను. ఈసారి ఏ విమానం వేశారో వారానికోసారి చూసుకుంటున్నాను. ప్రస్తుతానికి ఎ350 అనే చూపిస్తోంది, ప్రత్యేక భోజనం కూడా కోరి పెట్టాను.